రాట్‌వీలర్‌ను పంపించెయ్యమంటే పంపాల్సిందేనా?

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో అపార్ట్‌మెంటు. రెండేళ్లుగా రాట్‌వీలర్ కుక్కను పెంచుతున్నాం. ఇంతవరకు ఎవరినీ కరవలేదు. 'ఇది కేంద్రం నిషేధించిన జాతి, పదిహేను రోజుల్లో తీసెయ్యకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తాం' అని అసోసియేషన్ వాళ్లు నోటీసు ఇచ్చారు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ నోటీసులో చెప్పిన నిషేధం కోర్టులో నిలవలేదండీ. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపిన మాట నిజం. పిట్‌బుల్, రాట్‌వీలర్, కేన్ కోర్సో వంటి 23 రకాల కుక్కల దిగుమతి, బ్రీడింగు, అమ్మకం ఆపాలని, ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలని అందులో రాశారు. పెంచుకుంటున్న కుక్కను బయటికి పంపమని అందులోనూ లేదు. సంబంధించినవాళ్ల మాట వినకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. కర్ణాటక తీర్పుతో మనకేం పని అంటారేమో! కొట్టేసింది కేంద్రం సర్క్యులర్‌నే. దాన్ని చూపించి ఇక్కడ మిమ్మల్ని బెదిరించడం కుదరదు.

పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించకూడదని, మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. నోటీసుకు జవాబు ఇదంతా రాసి ఇవ్వండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. రేబిస్ టీకా కార్డు, కార్పొరేషన్ లైసెన్సు నకళ్లు జతచెయ్యండి. లైసెన్సు లేకపోతే ముందు ఆ పని చూడండి. ఘాజియాబాద్ వంటి చోట్ల కార్పొరేషన్లే కొన్ని జాతులపై సొంతంగా ఆంక్షలు పెట్టాయి. అందుకే మీ కుక్క జాతికి ఇక్కడ షరతులేమైనా ఉన్నాయేమో మీ కార్పొరేషన్‌నే రాతపూర్వకంగా అడగండి.

ఇక నాకు అసలు భయం వేరే. 'ఇంతవరకు కరవలేదు' అన్నారు చూడండి, ఆ మాట పట్టుకుని ధీమాగా ఉండొద్దు. గుంటూరు నుంచి నా దగ్గరికొచ్చిన ఒక కేసులో కరిచింది లాబ్రడార్. గొలుసుతోనే కట్టారు, కానీ కొక్కెం తుప్పుపట్టి ఉంది. తెల్లారుజామున పాలపాకెట్ల కుర్రాడు గేటు తియ్యగానే ఊడొచ్చింది. పిక్కకి ఏడు కుట్లు. పోలీసులు జాతి గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు, ఆ కొక్కేన్ని మాత్రం సంచిలో వేసి పట్టుకెళ్లారు. మనిషి ప్రాణానికి ముప్పు గాని, తీవ్ర గాయం గాని అయ్యే అవకాశం ఉన్నా జంతువును అదుపులో పెట్టకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తీవ్రంగా గాయపడితే 125 సెక్షన్ కూడా పడుతుంది, శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. వైద్య ఖర్చులు, నష్టపరిహారం కోసం సివిల్ దావా విడిగా.

కాబట్టి మెట్ల మీదా, లిఫ్టులోనూ పొట్టి లీషు పట్టుకుని, మూతికి చిక్కం పెట్టి, బలమున్న పెద్దవాళ్లే తిప్పాలి. పదేళ్ల పిల్లాడి చేతికి ఇవ్వొద్దు. ఎదురు ఫ్లాట్ వాళ్ల పాప భయపడి గోడకి అతుక్కుపోతే మీరే ఆగి, తర్వాతి లిఫ్టులో వెళ్లండి. అలాగని రోజంతా బాల్కనీలో కట్టిపడెయ్యడమూ తప్పే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ దాన్ని క్రూరత్వం కిందే లెక్కిస్తుంది. గొడవ భరించలేక ఏ ఏలూరు కాలవ గట్టునో వదిలేసి రావడం కూడా అదే సెక్షన్ కింద నేరం. ఉంచుకోలేమనుకుంటే దాన్ని సాకగల మనిషిని వెతికి, టీకా కార్డుతో సహా చేతికి అప్పగించండి.