లంబాడీ కథలను తెలుగు లిపిలో రాస్తే పిల్లలు తప్పుగా చదువుతున్నారన్న ప్రశ్నకు సమాధానం

మీ నాయనమ్మ చెప్పిన లంబాడీ కథలను రికార్డు చేసి తెలుగు లిపిలో రాస్తే, దేవరకొండ బడి పిల్లలు వాటిని తప్పుగా చదువుతున్నారని అడిగారు. లోపం తెలుగు లిపిలో లేదు, మనకు అలవాటైన తెలుగు రాతపద్ధతిలో ఉన్నట్టుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇండో-ఆర్య భాషా కుటుంబానికి చెందిన లంబాడీలో హల్లుతో ఆగే మాటలు చాలా ఉన్నాయి. ఇంటిని ‘ఘర్’ అని మీ నాయనమ్మ పలికినదాన్ని మీరు ‘ఘర’ అనో ‘గరు’ అనో రాసి ఉంటే, దేవరకొండ బడిలో తెలుగు నేర్చిన పిల్లలు దాన్ని అలాగే చదువుతారు.

1. హల్లుతో ఆగే ప్రతి మాట చివరా పొల్లు (అచ్చు లేదని చూపే ‘్’ గుర్తు) పెట్టండి: ఘర్, కాన్ (చెవి), నాక్ (ముక్కు).

2. అచ్చును ముక్కుతో పలికిన చోట అరసున్న (ఁ) వాడండి. మాట చివర నిండుసున్న (ం) పెడితే పిల్లలు ‘మ్’ అని చదివేస్తారు.

3. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. రాసినవారు తమ రాతను జ్ఞాపకంతో చదువుకుంటారు కాబట్టి తప్పు వారికి కనబడదు. అందుకే ఆ కథ ఎన్నడూ వినని, లంబాడీ మాట్లాడే పిల్లవాడితో నాయనమ్మ ఎదుటే పైకి చదివించండి. ఆమె ఎక్కడ ఆపి సరిదిద్దితే అక్కడ పెన్సిలుతో గీత గీసి, రికార్డింగులో అదే చోటు మళ్లీ విని, అప్పుడే అక్షరం మార్చండి. ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పని జరగాలి, దయచేసి పండుగ సెలవుల దాకా ఆగకండి.

4. ప్రతి కథ పైన తండా పేరు, రికార్డు చేసిన తేదీ రాయండి. రాత పూర్తయిందని ఆడియోను చెరిపేయవద్దు.