టెక్ సందేహాలు: నెట్ వస్తోంది, పక్క గదిలో కంప్యూటర్ మాత్రం కనిపించదు

ప్రశ్న: ఇంట్లో ఒక డెస్క్‌టాప్, రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. మూడూ విండోస్ 11. డెస్క్‌టాప్‌కి రౌటర్ నుంచి కేబుల్ వేశాం, ల్యాప్‌టాప్‌లు వైఫైలో ఉన్నాయి. అన్నింట్లోనూ నెట్ బాగానే వస్తోంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘నెట్‌వర్క్’ నొక్కితే ల్యాప్‌టాప్‌లు ఒకదానికొకటి కనిపిస్తున్నాయి, డెస్క్‌టాప్ మాత్రం లేదు. రౌటర్ మార్చినప్పటి నుంచే ఇలా ఉంది. ఎస్ఎంబీ 1 (కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. చేయమంటారా?

జవాబు: వద్దు. ఆ సలహా ఒకప్పుడు పనికొచ్చేది. కంప్యూటర్ల జాబితా తయారుచేసే పాత పద్ధతి ఎస్ఎంబీ 1 మీదే ఆధారపడేది. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ 1లోని లొసుగుతోనే. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని కొత్త ఇన్‌స్టలేషన్లలో పెట్టడం మానేసింది. ఇప్పుడు జాబితా వేరే దారిలో తయారవుతోంది. తాళం దొరకలేదని తలుపే పీకేయనక్కర్లేదు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కంప్యూటర్ కనిపించడం వేరు, అందడం వేరు. ‘నెట్‌వర్క్’లో బొమ్మ లేకపోయినా ఫైళ్లు అందుతూ ఉండొచ్చు. అందుకే మొదట ఆ జాబితాను పక్కన పెట్టి నేరుగా అడ్రస్‌తో వెళ్లి చూడండి. డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ కొడితే ఐపీవీ4 అడ్రస్ అనే వరుస కనిపిస్తుంది. అది 192.168.1.7 అనుకుందాం. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనుండే అడ్రస్ బార్‌లో \\192.168.1.7 అని కొట్టి ఎంటర్ నొక్కండి.

ఫోల్డర్లు వచ్చినా, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగినా దారి బాగానే ఉన్నట్టు. జాబితాలో పేరు రాకపోవడమే లోపం. అలా కాకుండా కాసేపు గుండ్రంగా తిరిగి 0x80070035 అనే ఎర్రర్ వస్తే డెస్క్‌టాప్ దాకా పిలుపు చేరడం లేదన్నమాట. అప్పుడు ల్యాప్‌టాప్‌లోనూ ఐపీకాన్ఫిగ్ కొట్టి రెండు అడ్రస్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 192.168.1తో, ఇంకోటి 192.168.0తో మొదలైతే అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్టే (కింద మూడో ప్రశ్న చూడండి). 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అసలు అడ్రసే రాలేదు, కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. మీకు నెట్ వస్తోందంటున్నారు కాబట్టి ఇది కాకపోవచ్చు.

పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) చేసి చూసి జవాబు రాలేదని కంగారు పడొద్దు. విండోస్ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే పిలుపుల్ని వడపోసే కాపలా) చాలాసార్లు పింగ్‌ని అడ్డుకుంటుంది, ఫైల్ షేరింగ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. షేరింగ్‌కి వాడే తలుపు నంబర్, అంటే టీసీపీ పోర్ట్, 445. స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ వెతికి తెరిచి, Test-NetConnection 192.168.1.7 -Port 445 అని కొట్టండి. చివరి వరుసలో ట్రూ అని వస్తే తలుపు తెరిచి ఉన్నట్టు. పింగ్ కన్నా ఇదే నమ్మకమైన పరీక్ష.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం డెస్క్‌టాప్ నెట్‌వర్క్ ప్రొఫైల్ మీదే. రౌటర్ మార్చగానే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా లెక్కేసి, పబ్లిక్ ప్రొఫైల్ పెట్టేసి ఉంటుంది. పబ్లిక్ అంటే ఊరూపేరూ తెలియని చోట ఉన్నామని అర్థం, అందుకే ఎవరు పిలిచినా పలకదు. డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్‌లోకి వెళ్లి ‘ప్రైవేట్ నెట్‌వర్క్’ ఎంచుకోండి. తర్వాత అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉన్న అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి.

డిస్కవరీ ఆన్ చేసి బయటికొచ్చి, మళ్లీ వెళ్లి చూస్తే ఆఫ్‌లో ఉందా? అయితే దాని వెనకుండే సర్వీసులు ఆగిపోయి ఉంటాయి. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరవండి. ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనేది ‘నేనిక్కడున్నాను’ అని మిగతా కంప్యూటర్లకు చెప్పే సర్వీసు. ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్ అవతలివాళ్లు చెప్పింది వినేది. కనిపించని కంప్యూటర్‌లో మొదటిది, చూడలేని కంప్యూటర్‌లో రెండోది నడవాలి. చాలామంది పొరపడేది ఇక్కడే, చూడలేని ల్యాప్‌టాప్‌లో గంటలకొద్దీ వెతుకుతారు, లోపం మాత్రం అవతల ఉంటుంది. మొదటిదాని మీద డబుల్ క్లిక్ చేసి స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్‌కి మార్చి, స్టార్ట్ నొక్కండి. ఎస్ఎస్‌డీపీ డిస్కవరీ, యూపీఎన్‌పీ డివైస్ హోస్ట్ కూడా నడుస్తున్నాయో లేదో చూడండి. రెండు మూడు నిమిషాలు ఆగి ఎక్స్‌ప్లోరర్‌లో ఎఫ్5 నొక్కండి.

ఇంత చేసినా అడ్రస్‌తో కూడా అందకపోతే మిగిలేవి రెండు. విడిగా వేసుకున్న యాంటీవైరస్‌కి సొంత ఫైర్‌వాల్ ఉంటే, విండోస్‌లో ప్రైవేట్ అని పెట్టినా అది పట్టించుకోదు. అందులోనూ ఈ నెట్‌వర్క్‌ను నమ్మకమైనదిగా గుర్తించమని చెప్పాలి. రెండోది వీపీఎన్. కొన్ని వీపీఎన్ యాప్‌లు ఇంట్లోని కంప్యూటర్ల మధ్య రాకపోకల్నీ ఆపేస్తాయి. ఒకసారి ఆఫ్ చేసి చూస్తే తేలిపోతుంది.

ప్రశ్న: కంప్యూటర్ కనిపిస్తోంది. క్లిక్ చేస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. రోజూ లాగిన్ అయ్యే పిన్ ఇస్తే తప్పంటోంది.

జవాబు: పిన్ ఆ ఒక్క పరికరానికే పరిమితం, నెట్‌వర్క్ మీద చెల్లదు. ఇక్కడ అడిగేది మీరు కూర్చున్న కంప్యూటర్ పాస్‌వర్డ్ కాదు, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లోని ఖాతా పాస్‌వర్డ్. ఆ ఖాతాకి పాస్‌వర్డే పెట్టకపోయినా లోపలికి రానివ్వదు, ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ నుంచి వచ్చేవారిని విండోస్ వెనక్కి పంపేస్తుంది.

తేలికైన మార్గం: ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి మైక్రోసాఫ్ట్ ఖాతా అక్కర్లేని ఒక లోకల్ యూజర్‌ని పాస్‌వర్డ్‌తో సహా తయారుచేయండి. తర్వాత ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌కి వెళ్లి ‘షేర్’ బటన్ నొక్కి ఆ యూజర్‌ని చేర్చండి. పక్కనే ఉండే ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’ జోలికి పోకండి. అది షేర్ అనుమతుల్ని మాత్రమే మారుస్తుంది, సెక్యూరిటీ ట్యాబ్‌లోవి అలాగే ఉండిపోతాయి. రెంటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది కనుక, ఫోల్డర్ కనిపిస్తుంది గానీ తెరుచుకోదు. ముందు ఇచ్చిన తప్పు వివరాల్ని విండోస్ గుర్తుపెట్టుకుని ఉంటే, మీరు కూర్చున్న కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి విండోస్ క్రెడెన్షియల్స్ కింద అవతలి కంప్యూటర్ పేరు తీసేయండి.

పాస్‌వర్డ్ గొడవే వద్దని గెస్ట్‌గా వెళ్లాలనుకునేవారికి ‘మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయి’ అనే అర్థం వచ్చే సందేశం రావచ్చు. ఇంట్లో సంస్థ ఎక్కడిదని తల పట్టుకోకండి. గెస్ట్ రాకపోకల్ని విండోస్ ఆపేసిందని చెప్పే తీరు అది.

ప్రశ్న: సిగ్నల్ అందక పైఅంతస్తులో రెండో రౌటర్ పెట్టాం. పైన ఉన్న కంప్యూటర్లు, కింద ఉన్నవి ఒకదానికొకటి కనిపించవు.

జవాబు: కింది నుంచి వచ్చే కేబుల్‌ను రెండో రౌటర్ వాన్ పోర్ట్‌లో (ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట) పెట్టి ఉంటారు. దాంతో అది తన సొంత నెట్‌వర్క్ ఏర్పాటు చేసుకుంది. పైవాళ్లు కిందివాళ్లను అడ్రస్‌తో అందుకోగలరేమో గానీ, కిందివాళ్లు పైవాళ్లను అందుకోలేరు.

రెండో రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా సిగ్నల్ మాత్రమే పంచే ఏర్పాటు) ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే మూడు పనులు, ఇదే వరుసలో. ఒక కంప్యూటర్‌ను రెండో రౌటర్‌కి కేబుల్‌తో కలిపి, దాని సెట్టింగ్స్ పేజీలో లాన్ అడ్రస్‌ను (ఇంటి నెట్‌వర్క్‌లో ఆ రౌటర్ అడ్రస్‌ను) మొదటి రౌటర్ వరుసలోకి మార్చండి. మొదటిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు, మొదటి రౌటర్ పంచే అడ్రస్‌ల పరిధిలో అది లేకుండా చూసుకోండి. కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే పని) ఆఫ్ చేయండి. చివరగా కేబుల్‌ను వాన్ నుంచి తీసి లాన్ పోర్ట్‌లో పెట్టండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే మీ కంప్యూటర్‌కి అడ్రస్ రాక, సెట్టింగ్స్ పేజీలోకి మీరే వెళ్లలేరు.

ప్రశ్న: గెస్ట్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌కి ప్రింటర్ దొరకడం లేదు.

జవాబు: గెస్ట్ వైఫై ఉన్నదే అతిథుల్ని ఇంట్లోని మిగతా పరికరాలకు దూరంగా ఉంచడానికి. ల్యాప్‌టాప్‌ను మామూలు వైఫైలోకి మార్చండి. అక్కడా దొరకకపోతే రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ (వైఫైలోని పరికరాల్ని ఒకదాన్నొకటి అందుకోనివ్వని సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.

ప్రశ్న: అవతలి కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ని ఐపీ అడ్రస్‌తో జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకున్నాను. కొన్నాళ్లు పనిచేసి ఉన్నట్టుండి ఎర్ర గుర్తు పడుతోంది.

జవాబు: అవతలి కంప్యూటర్‌కి రౌటర్ కొత్త అడ్రస్ ఇచ్చి ఉంటుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట ఆ కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌కి (దాని నెట్‌వర్క్ హార్డ్‌వేర్ గుర్తింపు నంబర్‌కి) ఒక ఐపీని ఖాయం చేయండి. ఆ కంప్యూటర్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆన్‌లో ఉంటే ఆపండి, లేకపోతే మ్యాక్ మారిపోయి రిజర్వేషన్ దండగవుతుంది. ఎర్ర గుర్తు కాసేపు వదిలేసినప్పుడు మాత్రమే పడుతుంటే కారణం అడ్రస్ కాదు, ఆ కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తోంది. పవర్ సెట్టింగ్స్‌లో ప్లగ్ చేసి ఉన్నప్పుడు స్లీప్‌ను ‘నెవర్’ చేయండి. స్క్రీన్ ఆరిపోవడం వల్ల ఇబ్బందేమీ లేదు, దాన్ని ఉన్నట్టే ఉంచొచ్చు.