పాత గైడా, కొత్త కూర్పా?

ప్రశ్న: కోరంగి వైపు వచ్చే వలస పిట్టల్ని గుర్తుపట్టడానికి పాత గైడే వాడుతున్నాను. కొత్తది కొనాలా?
– ఒక పాఠకుడు, తాళ్లరేవు

జవాబు: కొనండి. కానీ ముద్రణ సంవత్సరం చూసి మోసపోకండి, పాత కూర్పునే మళ్లీ మళ్లీ అచ్చేస్తుంటారు. షాపులోనే లెస్సర్ శాండ్ ప్లోవర్ అనే తీరపు వలస పిట్ట పేజీ తెరవండి. ఇటీవల దాన్ని సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు. ఒకటిగానే ఉందంటే పుస్తకం అంతకు ముందుది.

అంతకన్నా ముఖ్యం శీతాకాలపు ఈకల బొమ్మ. డిసెంబరులో కాకినాడ తీరాన దిగే ఈ పిట్టలకు ఎర్రటి రొమ్ము ఉండదు, పైన బూడిద గోధుమ రంగు, కింద తెలుపు, అంతే. ఆ బొమ్మ లేని గైడు ఎంత కొత్తదైనా మనకు పనికిరాదు. బొమ్మా వివరణా ఎదురెదురు పేజీల్లో ఉండాలి. పడవలో కూర్చుని వెతుక్కునేలోపు పిట్ట ఎగిరిపోతుంది!