తన ఇంజిన్ తనే దొంగిలించినవాడి గురించి ఒక ఉత్తరం

అమ్మాయ్,

నీ కథ నిన్న రాత్రి చదివాను. పొద్దున్న లేచి మళ్లీ చదివితే కోపం తగ్గకపోగా పెరిగింది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. విశాఖ పెదజాలారిపేట ఇసుకలో, వేట లేని రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న మగాళ్ల గురించి రాసిన పేజీ బాగుంది, అందులో ఒక్క అక్షరం ముట్టుకోకు.

నా గొడవంతా కోర్టు సీనుతో. ఏప్రిల్ 15న ప్రభుత్వ నిషేధంతో చేపల వేట ఆగింది, ఇల్లు గడవక నీ కథలోని నూకరాజు తన పడవ ఇంజిన్ని వడ్డీవ్యాపారి దగ్గర తాకట్టు పెట్టాడు. జూన్ 14తో నిషేధం 61 రోజులూ అయిపోయాయి. ఇంజిన్ లేనిదే వేటకి వెళ్లలేడు, వేటకి వెళ్లనిదే అప్పు తీర్చలేడు. రాత్రి ఆ వ్యాపారి షెడ్డు తాళం పగలగొట్టి ఇంజిన్ బయటికి ఈడ్చాడు. ఇక్కడిదాకా నన్ను కూర్చోబెట్టావు. ఆ తర్వాత నీ లాయరు లేచి "తన వస్తువు తను తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుంది యువరానర్" అంటాడు, జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకుని అక్కడికక్కడే కేసు కొట్టేస్తారు, జనం చప్పట్లు కొడతారు.

అవుతుందమ్మా. ఇంజిన్ ఎవరిది అన్నది చట్టానికి మొదటి ప్రశ్న కాదు, ఆ రాత్రి అది ఎవరి స్వాధీనంలో ఉంది అన్నదే మొదటి ప్రశ్న. తాకట్టు పట్టినవాడు బాకీ, వడ్డీ తీరేదాకా వస్తువు తన దగ్గర ఉంచుకోవచ్చని 1872 కాంట్రాక్ట్ చట్టమే చెబుతోంది. పాత శిక్షాస్మృతి ఐపీసీలో దొంగతనం అంటే ఏమిటో చెప్పే 378వ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణల్లో అచ్చంగా నీ కథే ఉంది: ఒకడు తన గడియారం తాకట్టు పెట్టాడు, అప్పు తీర్చకుండా, అవతలివాడు ఒప్పుకోకుండా, దురుద్దేశంతో వెనక్కి తీసేసుకున్నాడు, గడియారం తనదే అయినా అది దొంగతనమే. 1860లో రాసిన మాట ఇది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 378, దానికి శిక్ష చెప్పే 379 రెండూ కలిసి 303 అయ్యాయి, కానీ దొంగతనం నిర్వచనం మారలేదు. నీ కథ 2025లో జరుగుతోంది, ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం 379 వేశావు. ఎస్సై అలవాటు కొద్దీ నోటితో అంటే అనొచ్చు, కాగితం మీద అలా రాదు. పైగా ఆ షెడ్డు సామాన్లు భద్రపరిచే కట్టడం కాబట్టి సంహితలో 305 పడుతుంది, 7 ఏళ్లదాకా శిక్ష, మామూలు దొంగతనానికైతే 3 ఏళ్లదాకా. రాత్రిపూట తాళం పగలగొట్టి చొరబడ్డాడు కాబట్టి, ఆ చొరబాటుకి 331 కూడా.

నూకరాజుని జైల్లో వెయ్యమని ఇదంతా చెప్పడం లేదు. దొంగతనం కథ రాసేవాళ్లు ఒకే ఒక్క క్షణం దగ్గర ఆగాలి అని నా నమ్మకం, జీవితమంతా దీని కోసమే పోట్లాడాను. మనసులో ఉద్దేశం, చేతిలో కదలిక, రెండూ కలిసిన క్షణం అది. నీ ఎస్సై ఏమంటాడు? ఇంజిన్ ఒడ్డుదాకా చేరలేదు కాబట్టి అది ప్రయత్నం మాత్రమే అంటాడు. ఒడ్డు అక్కర్లేదు, ఉన్నచోటు నుంచి జానెడు కదిలితే చాలు. అదే సెక్షన్ కింద ఇంకో ఉదాహరణ చూడు: ధనం పెట్టె మోస్తున్న ఎద్దు ఒకడికి ఎదురుపడుతుంది, ఆ ధనం కాజేద్దామని ఎద్దుని తనకి కావలసిన వైపు తోలతాడు, ఎద్దు కదలడం మొదలుపెట్టగానే దొంగతనం జరిగిపోయింది. వాడింకా పెట్టె మూత కూడా తియ్యలేదు. ఇంత కథని నాలుగు లైన్లలో పెట్టారు ఆ చట్టం రాసినవాళ్లు. నువ్వు ఆ క్షణాన్ని ఏం చేశావు? "తెల్లారేసరికి ఇంజిన్ షెడ్డులో లేదు" అని ఒక లైను, కింద మూడు చుక్కలు, తర్వాత పోలీసు జీపు. కథంతా ఆ మూడు చుక్కల్లో పోయింది.

ఈ చుక్కలంటే నాకు మంట. అసలు రాయాల్సింది వచ్చేసరికి చుక్కలు పెట్టి తప్పించుకోవడం, దానికి క్లుప్తత అని పేరు పెట్టడం, చివర్లో ఒక ట్విస్టు. పోటీల్లో బహుమతులు కూడా వీటికే ఇస్తున్నారు.

నేను ఒక క్రిమినల్ ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేరినప్పుడు కథలు రాయడానికి కాగితాలు కొనే స్తోమత లేదు, పాడైపోయిన వకాల్తా ఫారాల వెనకాల రాసేవాణ్ణి. అప్పుడొక కేసు వచ్చింది. మహారాణిపేటలో ఒక ఇంట్లో వంట చేసే ఆవిడ, బల్ల మీద ఉన్న అమ్మగారి ముక్కుపుడక తీసి బియ్యం డబ్బాలో దాచింది. గొడవ సద్దుమణిగాక పట్టుకుపోదామని. పుడక ఆ ఇల్లు దాటనే లేదు, అయినా బల్ల మీద నుంచి తీసినప్పుడే నేరం పూర్తయిందని పబ్లిక్ ప్రాసిక్యూటరు గారు వాదించారు. ఆవిడ వాయిదాలకి వచ్చినప్పుడల్లా నేను ఆ చేతులే చూసేవాణ్ణి. చేతిలో పుడక, బియ్యంలోకి దిగుతున్న చెయ్యి, దాంతో ఆగిపోయే కథ రాశాను. వారపత్రికకి పంపితే ఎడిటర్ గారు ఆ చెయ్యి పేరా మొత్తం కొట్టేసి, చివర్లో ఆవిడ ఆర్కే బీచ్‌లో పోలీసులకి చిక్కినట్టు నన్నడక్కుండా కలిపి అచ్చేశారు. పాఠకులకి బోరు కొడుతుందని కారణం చెప్పారు. ఆయన పోయి చాలా కాలమైంది, నాకు మాత్రం ఆ కోపం పోలేదు. ఏ పాఠకుడు ఆయనకి చెప్పాడు బోరు అని?

సరే, నీ కథకి వస్తాను. వారం రోజులు వేట చేసి ఇంజిన్ తిరిగి ఇచ్చేద్దామనుకున్నాడు నూకరాజు, అందుకని అమాయకుడు అన్నావు. అదీ నిలవదు. రాజస్థాన్లో ఒక ప్రభుత్వోద్యోగి ఆఫీసు ఫైలుని స్నేహితుడి కోసం ఇంటికి పట్టుకెళ్లి మర్నాటికి తెచ్చి పెట్టేశాడు. కొద్దిసేపు తీసుకున్నా దొంగతనమేనని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. శాశ్వతంగా పోగొట్టాలన్న ఉద్దేశం మన చట్టం అడగదు.

మరి నూకరాజుకి దారి లేదా? ఉంది, నువ్వే రాసి పట్టించుకోకుండా వదిలేశావు. రెండో పేజీలో అతని భార్య ఎండుచేపలు అమ్మి వారం వారం షావుకారికి డబ్బు కడుతుంది. షావుకారు దాన్ని వడ్డీ కింద రాసుకున్నాడు. ఆవిడేమో అసలు తీరిపోతోంది అనుకుంది, ఇంటికొచ్చి మొగుడికీ అలాగే చెప్పింది. అప్పు తీరిపోయిందని అతను నిజంగా, మనస్ఫూర్తిగా నమ్మి ఇంజిన్ తీసుకుంటే అక్కడ దురుద్దేశం లేదు, దురుద్దేశం లేకపోతే దొంగతనం లేదు. తాళం సంగతి వేరే. తీరలేదని తెలిసే తీసుకుంటే దొంగ. తాళం ఒకటే, చెయ్యి ఒకటే, ఇంజిన్ ఒకటే. అతని మనసులో ఏముందో అదొక్కటే తేడా, దాన్ని బయటపెట్టడానికి కోర్టువాళ్లు ఏళ్ల తరబడి సాక్షుల్ని పిలుస్తారు. నీకు ఆ అవసరం లేదు, నేరుగా అతని తలలోకి వెళ్లగలవు. వెళ్లకుండా లాయరు చేత ఉపన్యాసం ఇప్పించావు.

అంచేత కోర్టు సీను తీసెయ్, మొత్తం. ఆ రాత్రి షెడ్డులో ఇంజిన్ మీద చెయ్యి వేసినప్పుడు భార్య చెప్పిన లెక్క అతనికి ఎంతవరకు నమ్మకంగా ఉందో రాయి. సగం నమ్మి, సగం నమ్మకుండా ఉంటే ఇంకా మంచిది, నీకు కష్టం, కానీ రాయి. షావుకారి లెక్కల పుస్తకం ఒక పేజీ కథలో కనపడాలి, తేదీలతో, కట్టిన మొత్తాలతో. ఆ అంకెలు ఊహించి వెయ్యకు, జాలారిపేటలోనే అలా కట్టిన ఆడవాళ్లు దొరుకుతారు, వెళ్లి అడుగు.

కలం పేరు గురించి అడిగావు, నూకరాజు సంగతి తేలాక చూద్దాం. రెండో ప్రతి ఫోన్లో పంపకు, ప్రింటు తీసి, పక్కన మార్జిను బాగా వదిలి పోస్టు చెయ్యి.