పెళ్లి సీడీ సగంలో ఆగిపోతుంటే
అక్క పెళ్లి సీడీ సగంలో ఆగిపోతోందన్నారు కదా, టెన్షన్ పడకండి. ముందు దాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూడండి. సూదిమొనంత చుక్కల్లో వెలుతురు కనిపిస్తే అక్కడ వెండి పొర లేచిపోయినట్టే, ఆ ముక్క ఇక రాదు. సీడీలో డేటా ఉండేది బొమ్మ వైపే, పల్చటి పూత కింద.

గీతలు అడుగు వైపే ఉంటే ఆశ ఉంది. స్టూడియోవాళ్ల సీడీ రైటర్‌లోని లేజర్ లోపలి రంగు పొరను మాడ్చి రాసిన మచ్చలు అలాగే ఉంటాయి. ప్లేయర్ లేజర్ 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దాటి వాటిని చదవాలి. గీత ఆ వెలుతురును చెదరగొడుతుంది, అంతే.

మెత్తటి తడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి. గుండ్రంగా మాత్రం వద్దు; గుండ్రంగా తిరిగే డేటా వరుస (ట్రాక్) వెంబడి పొడవుగా గీత పడితే, చదవలేని చోట్లను సరిదిద్దే ఎర్రర్ కరెక్షన్ కూడా చేతులెత్తేస్తుంది. అప్పటికీ ఆడకపోతే కొంచెం తెల్ల టూత్‌పేస్ట్‌తో అలాగే రుద్ది కడగండి. ఆరాక వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి, నాకు ఒకసారి అలాగే ఆడింది. ఆడిందా, చూస్తూ కూర్చోకుండా ముందు కాపీ చేసుకోండి!