ఒప్పందం వార్త చూసి చిన్న కంపెనీ షేరు కొనవచ్చా?

ప్రశ్న: బ్యాటరీ విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఓ పెద్ద సంస్థతో ఒప్పందం కుదిరిందని ప్రకటించింది. నెలలోనే షేరు రెట్టింపైంది. అమ్మకాలు అంతకుముందు ఏడాది 4 కోట్లు, నిరుడు 6 కోట్లు. మొత్తం షేర్ల మార్కెట్ విలువ 300 కోట్లు. నా పొదుపులో సగం పెట్టి, కొన్ని నెలల్లో లాభానికి అమ్ముకోవాలనుకుంటున్నాను. ఆదాయం నిజంగా పెరుగుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందుగా, పొదుపులో సగం అనే ఆలోచన దయచేసి మానుకోండి. 50 శాతం పడిన షేరు మళ్లీ మీరు కొన్న ధరకు రావాలంటే అక్కడి నుంచి 100 శాతం పెరగాలి. మొత్తం పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేనంత డబ్బే ఇలాంటి షేరులో పెట్టాలి.

ఇక ఆదాయం సంగతి. వార్తను పక్కనపెట్టి, కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇచ్చిన అసలు ప్రకటన చదవండి. అది అవగాహన ఒప్పందమా, కొనుగోలు ఆర్డరా? అవగాహన ఒప్పందమైతే సాధారణంగా కొని తీరాలన్న బాధ్యత ఎవరికీ ఉండదు. '60 కోట్ల వరకు' అని ఉంటే, ఆ 'వరకు'లో సున్నా కూడా ఉన్నట్లే. పరిమాణం, ధర, సరఫరా గడువు, రద్దు షరతులు ఉన్నాయేమో చూడండి. ఉన్నా, 6 కోట్ల సరుకు అమ్మిన కంపెనీ 60 కోట్ల సరుకు తయారుచేయడానికి యంత్రాలు, ముడిసరుకు, వాటికి పెట్టుబడి ఎక్కడివి? నమూనాలను కొనుగోలుదారు పరీక్షించి ఆమోదించడానికే నెలలు పట్టవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసింది బకాయిల మీద. వస్తువు కొనుగోలుదారు అధీనంలోకి వెళ్లగానే, డబ్బు చేతికి రాకపోయినా, దాన్ని ఆదాయంగా చూపవచ్చు. ఇది నిబంధనలకు లోబడినదే. మీ కంపెనీకి కస్టమర్ల నుంచి రావలసిన బకాయిలు 1 కోటి నుంచి 3 కోట్లకు చేరాయనుకోండి. అమ్మకాలు పెరిగింది 2 కోట్లు, బకాయిలు పెరిగిందీ 2 కోట్లే. అంటే పెరిగిన అమ్మకాల మేరకు అదనపు డబ్బేమీ రాలేదు. ఇంతకుముందు 91 రోజుల అమ్మకాలకు సమానమైన బకాయి, ఇప్పుడు 182 రోజులకు సమానమైంది. నగదు ప్రవాహ పట్టికలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు కూడా మైనస్‌లో ఉంటే నేనైతే అక్కడే ఆగిపోతాను.

వార్షిక నివేదిక చివర చిన్న అక్షరాల్లో ఉండే వివరణలనూ వదలకండి. మొత్తం ఆదాయంలో 10 శాతం, అంతకుమించి ఒకే కస్టమర్ నుంచి వస్తే ఆ సంగతి వెల్లడించాలని అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ కస్టమర్ ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి, నడిపించేవారి) బంధు సంస్థ అయితే మరింత జాగ్రత్త. కంపెనీ మనుగడపై ఆడిటర్ సందేహం రాస్తే, దాన్ని మొక్కుబడి వాక్యంగా కొట్టిపారేయకండి.

ధర కూడా చూద్దాం. 300 కోట్లంటే నిరుటి అమ్మకాలకు 50 రెట్లు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, రాని ఆదాయానికి మార్కెట్ ఇప్పుడే వెల కట్టింది. అమ్మకాలు పదింతలై 60 కోట్లకు చేరినా, ఈ ధర అప్పటికీ వాటికి 5 రెట్లు. పైగా విస్తరణ కోసం కొత్త షేర్లు జారీచేస్తే మీ వాటా పలచబడుతుంది. కోటి షేర్లు కోటిన్నర అయితే, కంపెనీలో మీ వాటా మూడింట ఒక వంతు తగ్గినట్లే.

ఇవన్నీ చూశాక కూడా కొనాలనిపిస్తే, రోజూ సగటున ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో గమనించి, అందులో స్వల్ప భాగానికి మించి కొనకండి. కొనేవారు లేని రోజున స్టాప్ లాస్ (ధర ఫలానా స్థాయికి పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డరు) పెట్టుకున్నా ఆ ధరకు అమ్ముడుపోకపోవచ్చు. ఏ త్రైమాసికానికి ఈ ఆర్డరు అమ్మకాల్లో కనిపించాలో, ఎంత కనిపించాలో కొనేముందే తేదీతో సహా కాగితం మీద రాసుకోండి. ఆ ఫలితాల్లో అది కనిపించకపోతే, షేరు ధర అప్పటికి పైన ఉన్నా సరే, అమ్మి బయటకు రండి.