అలంకారం పేరు రాస్తే సరిపోదు, అది ఏం పని చేస్తోందో రాయాలి

అన్నా, మీ అమ్మాయి తెలుగు పరీక్షలో ‘వృత్త్యనుప్రాస’ (ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం), ‘ఉపమ’ (పోలిక) అని పేర్లు కరెక్టుగా రాసినా మార్కులు సగమే పడ్డాయని అడిగారు కదా. పేరు దగ్గరే ఆగిపోవడం వల్ల అట్లయింది.

మాది పాలమూరు కాబట్టి వలస మీద నేనే ఒక పాదం అల్లి చెప్తా, నవ్వొద్దు: “బువ్వ కోసం బరువు మూటతో బొంబాయి బస్సెక్కె బావ.” ఇందులో బ మళ్లీ మళ్లీ వచ్చింది కాబట్టి వృత్త్యనుప్రాస. బ పలికినప్పుడల్లా పెదాలు మూతపడి తెరుచుకుంటాయి, చదువుతుంటే ఆగి ఆగి మూట మోస్తున్నట్టే ఉంటుంది. అట్లని బ అంటే ఎప్పుడూ బరువే అనుకోవద్దు, “బుజ్జి బాబు బోసినవ్వు”లో అదే అక్షరం ముద్దుగా వినిపిస్తుంది. అర్థం ఎటు పోతే శబ్దం అటు సాయం పడుతుంది.

ఇక “అమ్మ కళ్లు ఎండిన చెరువుల్లా ఉన్నాయి” అంటే ఉపమ. ఉపమేయం కళ్లు, ఉపమానం చెరువులు, సమానధర్మం ఎండిపోవడం, ‘లా’ ఉపమావాచకం, ఇంతవరకు అందరూ రాస్తారు. అడగాల్సింది చెరువే ఎందుకని. మన దగ్గర చెరువెండితే పొలం బీడవుతుంది, కొడుకు ఊరు విడుస్తాడు, అందుకే ఆ ఒక్క పోలికలో ఇంకిపోయిన కన్నీళ్లతో పాటు కొడుకు ఎందుకు పోయాడో కూడా ఉంది. ‘లా’ తీసేసి “అమ్మ కళ్లు ఎండిన చెరువులు” అంటే రూపకం, కళ్లకూ చెరువులకూ భేదమే లేకుండా పోయింది, దుఃఖం ఇంకా దగ్గరికొచ్చింది.

జవాబులో పేరుకు ఒక వాక్యం, ఈ ‘ఎందుకు’కు మూడు వాక్యాలు రాయమనండి. అంతకంటే ముందు పద్యాన్ని గట్టిగా చదవమనండి, మనసులో చదివితే అనుప్రాస చెవికి అందదు.